మురుగునీటి హైడ్రోజన్‌లో అసలేది, కొసరేది

కేజీ హైడ్రోజన్ తయారు కావాలంటే ఎలక్ట్రాలిసిస్ సెల్‌లో, అంటే రెండు ఎలక్ట్రోడ్లు ముంచిన పెట్టెలో నుంచి సుమారు 26,600 ఆంపియర్ అవర్ల కరెంటు పోవాలి. అందులో మంచినీళ్లు పోసినా, మూత్రం పోసినా, బియ్యం కడిగిన కుడితి పోసినా ఈ లెక్క మారదు. ఒక్కో హైడ్రోజన్ అణువుకి రెండు ఎలక్ట్రాన్లు కావాలి, అంతే. మారేది వోల్టేజీ ఒక్కటే. ఒక వోల్టు పెడితే కేజీకి 26.6 యూనిట్లు ఖర్చవుతాయి, రెండు వోల్టులు పెడితే 53. అందుకే చెత్త నుంచి హైడ్రోజన్ తీస్తామని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది, ఎన్ని వోల్టుల దగ్గర నడుస్తోందని.

ఈమధ్య అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల గ్రూపుల్లో ఈ విషయం మీద మెసేజ్‌లు బాగా తిరుగుతున్నాయి. "మన ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నుంచి హైడ్రోజన్ తీసి లిఫ్టులు నడుపుకోవచ్చంట, నిజమేనా మేడమ్?" అని ఫోన్ చేసి అడుగుతున్నారు. అడుగుతున్నందుకు నాకు సంతోషమే. మురుగునీటి గురించి కంపు వచ్చినప్పుడు తప్ప ఎవరూ అడగరు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. చాలా ఏళ్లుగా బెంగళూరు తూర్పు వైపు, హూడి, కాడుగోడి, వర్తూరు చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల ఎస్టీపీలు చూసుకుంటున్నాను. చదువుకున్న రోజుల్లో నాకు బాగా ఇష్టమైన సబ్జెక్టు ఎలక్ట్రోకెమిస్ట్రీ. ఉద్యోగంలో దాంతో పెద్దగా పని పడలేదు. ఈ రెండూ ఒకచోట కలిసే సంగతి ఇదొక్కటే, అందుకే దీని మీద నాకింత పట్టింపు.

ముందు నీళ్ల సంగతి. నీటిని విద్యుద్విశ్లేషణతో విడగొట్టడానికి సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు చాలు. నిజం సెల్‌లో 1.8 నుంచి 2 దాకా పెట్టాల్సి వస్తుంది. పంపులు, డ్రైయర్లు అన్నీ కలిపితే కేజీకి 50 నుంచి 55 యూనిట్లు. అదే కేజీ హైడ్రోజన్‌ను వాడినప్పుడు మనకు దక్కే శక్తి 33.3 యూనిట్లు, ఆవిరి చల్లబడే వేడిని కూడా కలుపుకుంటే 39.4. అంటే ఇచ్చినదానికంటే తక్కువే చేతికొస్తుంది. ఈ ఖర్చులో ఎక్కువ భాగం హైడ్రోజన్ పుట్టే కేథోడ్ దగ్గర అవుతోందని చాలామంది అనుకుంటారు. అసలు బరువంతా అవతల, ఆనోడ్ దగ్గర ఉంది. నీటి నుంచి ఎలక్ట్రాన్లు లాగి ఆక్సిజన్ చేయడం కష్టమైన పని. నీరు తన ఎలక్ట్రాన్లను అంత తేలిగ్గా వదలదు.

మరి తేలిగ్గా వదిలేవి ఏవి? కుళ్లేవన్నీ. కుళ్లడం అంటేనే ఎలక్ట్రాన్లు వదులుకోవడం. ఆనోడ్ దగ్గర నీటికి బదులు యూరియాను పెడితే సిద్ధాంతం ప్రకారం 0.37 వోల్టులు చాలు. అమ్మోనియాకు 0.06. చక్కెర పూర్తిగా కార్బన్ డయాక్సైడ్ అయ్యేదాకా పోతే దాదాపు సున్నా. ఈ అంకెలు మొదటిసారి చూసినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. వోల్టుకి 26.6 యూనిట్ల చొప్పున ఎంత మిగులుతుందో మనసులో లెక్కలు వేసుకుంటూ పడుకున్నాను.

అపార్ట్‌మెంట్ ఎస్టీపీలో ఏం జరుగుతుందో తెలిస్తే నా ఉత్సాహం మీకూ అర్థమవుతుంది. ట్యాంకు అడుగున గాలి గొట్టాలు ఉంటాయి, బ్లోవర్ రాత్రీ పగలూ గాలి ఊదుతూ ఉంటుంది. మురుగులోని మలినాన్ని బాక్టీరియా తింటుంది, తిన్నప్పుడు బయటపడే ఎలక్ట్రాన్లను ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. ఆ చోటు ఆక్సిజన్. దాన్ని అందించడానికే బ్లోవర్. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు ఈ పద్ధతిని ప్రపంచానికి చెప్పారు. మన ఎస్టీపీల్లో చాలావరకు నడుస్తున్నది ఇప్పటికీ అదే, లేదంటే దాని తోబుట్టువే. ప్లాంటు కరెంటు బిల్లులో సగం దాకా ఆ గాలికే పోతుంది. అంటే మలినంలో ఉన్న ఎలక్ట్రాన్లను వదిలించుకోవడానికి మనం ఎదురు డబ్బు కడుతున్నాం.

ఆ ఎలక్ట్రాన్లు ఎన్ని? మురుగులో మలినాన్ని సీఓడీ అనే కొలతతో చెబుతాం. ఆ మలినాన్ని పూర్తిగా ఆక్సీకరణ చేయడానికి ఎంత ఆక్సిజన్ కావాలో అదే సీఓడీ. కేజీ సీఓడీలో ఉన్న ఎలక్ట్రాన్లన్నీ హైడ్రోజన్‌కు వెళ్తే 125 గ్రాముల హైడ్రోజన్ వస్తుంది. ఎనిమిది కేజీల సీఓడీకి ఒక కేజీ అన్నమాట. రెండు వందల ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ తీసుకోండి. ఫ్లాటుకి నలుగురు, మనిషికి 135 లీటర్ల లెక్కన రోజుకి లక్ష లీటర్లకు కాస్త పైన మురుగు వస్తుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల సీఓడీ అనుకుంటే రోజుకి 50 కేజీలు. ఒక్క ఎలక్ట్రాన్ కూడా వృథా కాకపోతే ఆరు కేజీలకు పైన హైడ్రోజన్ రావాలి. గ్రూపుల్లో తిరిగే మెసేజ్‌లు ఇక్కడితో ఆగిపోతాయి. నేను ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మలినం నుంచి ఎలక్ట్రాన్లను లోహం మీదికి ఎవరు తీసుకురావాలి అన్నది మొదటి ప్రశ్న. దీనికి జవాబు 1911 నాటిది. న్యూకాజిల్‌లో, డర్హామ్ విశ్వవిద్యాలయం కింద ఉన్న కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన ఎం.సి. పాటర్ ఈస్టునూ, బాక్టీరియానూ ప్లాటినం ఎలక్ట్రోడ్ల దగ్గర పెట్టి, అవి పదార్థాన్ని విడగొట్టేటప్పుడు కరెంటు పుడుతుందని చూపించాడు. తర్వాత చాలాకాలం దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1987లో అమెరికాలో పొటోమాక్ నది బురదలో డెరెక్ లవ్లీకి జియోబాక్టర్ దొరికింది. ఆక్సిజన్ లేనిచోట ఇది ఇనుప తుప్పుకి ఎలక్ట్రాన్లు అప్పజెప్పి బతుకుతుంది. తుప్పు స్థానంలో గ్రాఫైట్ పెడితే గ్రాఫైట్‌కీ అప్పజెబుతుంది. దానికి కావాల్సిందల్లా ఎలక్ట్రాన్లు తీసుకునేవాడు ఒకడు.

ఇలాంటి బాక్టీరియాను ఆనోడ్ మీద పెంచి, కేథోడ్ వైపు గాలి తగలనిస్తే కరెంటు పుడుతుంది. అది మైక్రోబియల్ ఫ్యూయల్ సెల్. కేథోడ్ వైపు గాలి తీసేసి, బయటి నుంచి కొంచెం వోల్టేజీ తోడు ఇస్తే హైడ్రోజన్ పుడుతుంది. అది మైక్రోబియల్ ఎలక్ట్రాలిసిస్ సెల్. 2005లో అమెరికాలోని పెన్ స్టేట్‌లో బ్రూస్ లోగన్ బృందం, నెదర్లాండ్స్‌లోని వాహెనింగెన్‌లో ఇంకో బృందం విడివిడిగా దీన్ని చేసి చూపించాయి. ఎసిటేట్‌తో (వెనిగర్‌లోని ఆమ్లం తాలూకు లవణం) సిద్ధాంతం ప్రకారం కావాల్సిన తోడు 0.14 వోల్టులకు లోపే. హైదరాబాద్‌లో మన ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ)లోనూ ఎస్. వెంకట మోహన్ బృందం మురుగు నుంచి కరెంటు, హైడ్రోజన్ రెండింటి మీదా ఏళ్ల తరబడి పనిచేసింది. తెలుగు నేల మీద జరిగిన ఈ పని గురించి మనవాళ్లకు ఇంకా ఎక్కువ తెలియాలని నాకు ఉంటుంది.

చదివినదాన్ని కళ్లతో చూడాలనిపించి, నేను చూసుకునే ఒక ఎస్టీపీలో చిన్న సెల్ ఒకటి పెట్టాను. బయట గేటు పక్కన, పంపు షెడ్డులో, గాలి ఆడేచోట. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, ఆనోడ్‌గా గ్రాఫైట్ ఫెల్ట్ ముక్క, కేథోడ్‌గా స్టెయిన్‌లెస్ స్టీల్ మెష్, 0.8 వోల్టులు ఇచ్చే చిన్న పవర్ సప్లై, సిరీస్‌లో ఒక రెసిస్టర్, మల్టీమీటర్, గ్యాసు పట్టడానికి ఒక బ్యాగు. బాక్టీరియా కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. స్లడ్జ్ ట్యాంకు అడుగున గాలి తగలని నల్లటి బురద ఒక చెంబు చాలు. మేతకి కుడితి. పక్కన మెస్‌లో రోజూ బియ్యం కడిగిన నీళ్లు బకెట్లకొద్దీ పారబోస్తారు.

ఆ ప్లాంటు ఆపరేటర్‌ది మదనపల్లె పక్కన పల్లె. రోజూ పొద్దున డ్యూటీ ఎక్కగానే మల్టీమీటర్ చూసి లాగ్‌బుక్కులో రాసేవాడు. మొదట్లో అంకె కదల్లేదు. నాలుగైదు మిల్లీ ఆంపియర్ల దగ్గరే నిలబడింది. బాక్టీరియా ఫెల్ట్ మీద పొరలా పట్టుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుందని నాకు తెలుసు, అతనికీ చెప్పాను. అయినా టెన్షన్‌గానే ఉండేది. ఒకరోజు నేను వేరే సైట్‌లో ఉండగా ఫోన్ చేశాడు. "అక్కా, అంకె పెరిగుండాది. నిన్న పన్నెండు, ఈ పొద్దు ఇరవై ఆరు. బ్యాగు గూడా ఉబ్బుతా ఉండాది" అన్నాడు. ఆ వారంలోనే అది 50 మిల్లీ ఆంపియర్లు దాటింది. కుడితి పోయడం ఆలస్యమైతే అంకె పడిపోయేది, పోసిన గంటకి మళ్లీ ఎక్కేది. తిండి పడగానే కరెంటు పెరగడం చూస్తే, అవతల ఉన్నది ప్రాణమున్న ఆనోడ్ అని మనసుకి తెలుస్తుంది. ఎన్ని పేపర్లు చదివినా ఆ తెలివిడి రాదు.

50 మిల్లీ ఆంపియర్లు రోజంతా పోతే అర లీటరు హైడ్రోజన్ రావాలి. మొదట్లో దాదాపు వచ్చింది. తర్వాత గ్యాసు తగ్గుతూ వచ్చింది, కరెంటు మాత్రం తగ్గలేదు. తెలిసిన ఒక కాలేజీ ల్యాబులో గ్యాసు పరీక్ష చేయిస్తే అందులో మీథేన్ వాటా వారం వారం పెరుగుతోందని తేలింది. మురుగు బురదలో మీథేన్ చేసే సూక్ష్మజీవులు ఎటూ ఉంటాయి. వాటికి హైడ్రోజన్ అంటే విందు భోజనం. నాలుగు హైడ్రోజన్ అణువులు తిని ఒక మీథేన్ అణువు వదులుతాయి. అందుకే గ్యాసు పరిమాణం కూడా తగ్గుతుంది.

ఇది నా డబ్బాలో మాత్రమే జరిగిన విషయం కాదు. కాలిఫోర్నియాలో నాపా దగ్గర ఒక వైన్ తయారీ కేంద్రం మురుగు మీద పెన్ స్టేట్ వాళ్లు వెయ్యి లీటర్ల సెల్ పెట్టారు, ఫలితాలు 2011లో వచ్చాయి. కరెంటు బాగానే పోయింది, వచ్చిన గ్యాసులో మాత్రం 86 శాతం మీథేన్. గదులు వేరు చేయకుండా ఒకే గదిలో ఆనోడ్, కేథోడ్ రెండూ పెడితే ఇదే గతి. వేరు చేయాలంటే మధ్యలో పొర కావాలి. పొర పెడితే ఖర్చు పెరుగుతుంది, దాని మీద పాచి పడుతుంది, వోల్టేజీ కూడా పెరుగుతుంది.

నాకు బాగా నచ్చిన ప్రయోగం న్యూకాజిల్ విశ్వవిద్యాలయానిది. పాటర్ పనిచేసిన ఊరే. అక్కడి హౌడన్ మురుగుశుద్ధి కేంద్రంలో ఎలిజబెత్ హైడ్రిచ్ బృందం 120 లీటర్ల సెల్ పెట్టి, నిజం మురుగునే పోసి, వేడి చేయకుండా నడిపింది. ఫలితాలు 2013లో వచ్చాయి. మూడు నెలలకు పైగా దాదాపు స్వచ్ఛమైన హైడ్రోజన్ వచ్చింది. పెట్టిన కరెంటులో 70 శాతం దాకా హైడ్రోజన్ రూపంలో తిరిగొచ్చింది. ఎంత హైడ్రోజన్ అంటే, రోజుకి లీటరు సెల్‌కు 0.015 లీటర్లు. చాలా తక్కువ. వాళ్లు రోజుకి ఘనపు మీటరు సెల్‌కు 0.14 కేజీల సీఓడీ ఇచ్చారు. అదే లెక్కన మన 50 కేజీలకు మూడున్నర లక్షల లీటర్ల సెల్ కావాలి, దాన్నుంచి రోజుకి వచ్చేది అర కేజీ కూడా ఉండదు. పైన కాగితం మీద వేసుకున్న ఆరు కేజీలు ఎక్కడ, ఇది ఎక్కడ.

అయినా ఈ ప్రయోగం నాకు ఎందుకు నచ్చిందంటే, అందులో ఇంకో అంకె ఉంది. కేజీ సీఓడీకి వాళ్లు పెట్టిన కరెంటు 0.64 యూనిట్లు. గాలి ఊదే మామూలు పద్ధతికి 0.7 నుంచి 2 యూనిట్లు అవుతుంది. తిరిగొచ్చిన హైడ్రోజన్‌ను పక్కన పెట్టినా, ఈ ఖర్చు బ్లోవర్ కంటే తక్కువ. నేను నమ్మే విషయం ఇక్కడే ఉంది. మురుగు నుంచి హైడ్రోజన్ తీయడంలో అసలు నీళ్లు శుభ్రపడటం, హైడ్రోజన్ కొసరు. కొసరు కోసం దుకాణం పెడితే దివాలా తీస్తాం. అసలు కోసం పెడితే కొసరు దానంతటదే వస్తుంది. లిఫ్టులు నడుస్తాయా అని అడిగేవాళ్లకి నా జవాబు, నడవవు, కానీ బ్లోవర్ బిల్లు తగ్గే దారి మాత్రం ఇందులో ఉంది.

ఆ దారికి ఇప్పుడున్న అడ్డు వైశాల్యం. మన 50 కేజీల సీఓడీలోని ఎలక్ట్రాన్లన్నీ ఒక రోజులో లాగాలంటే దాదాపు 7,000 ఆంపియర్లు కావాలి. బాక్టీరియా ఆనోడ్ చదరపు మీటరుకి ఐదు ఆంపియర్లు ఇస్తే బాగా ఇచ్చినట్టే. అంటే 1,400 చదరపు మీటర్ల ఫెల్టు. నీటిని విడగొట్టే పెమ్ సెల్ అదే చదరపు మీటరులో 10,000 నుంచి 20,000 ఆంపియర్లు పోనిస్తుంది. పైగా ఇంటి మురుగులో ఉప్పు తక్కువ, కరెంటుకు దారి సరిగ్గా ఇవ్వదు. సీఓడీ తగ్గేకొద్దీ ఆనోడ్ ఆకలితో నీరసిస్తుంది. మన ఎస్టీపీల నుంచి వెళ్లే నీటిలో బీఓడీ (బాక్టీరియా తినగల మలినం కొలత) లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని కర్ణాటక కాలుష్య నియంత్రణ మండలి నిబంధన. ఈ సెల్ ఒక్కటే పెట్టుకుని అక్కడిదాకా రాలేం. చివర్లో గాలి ఊదక తప్పదు. బెల్లందూరు చెరువు నురగ చూసిన ఊరు ఇది, కోలారు చెరువులకు మన శుద్ధి చేసిన నీళ్లు పంపుతున్న ఊరు. ఆ నిబంధనను సడలించమని అడిగే హక్కు ఏ టెక్నాలజీకీ లేదని నా అభిప్రాయం.

కాబట్టి ఇది పలచటి మురుగుకి పెట్టుకోవాల్సిన పని కాదు. చిక్కటి మురుగు దగ్గర పెట్టాలి. పాల డెయిరీల కడుగు నీళ్లలో సీఓడీ లీటరుకు వేల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. మొలాసిస్ డిస్టిలరీల స్పెంట్ వాష్‌లో లక్ష దాకా పోతుంది. బెంగళూరులో ఇప్పుడు వీధికొకటి ఉన్న దోసె పిండి యూనిట్లలో గ్రైండర్లు కడిగిన నీళ్లు చూడండి, పాలలా ఉంటాయి. అంతా పిండే. వాటిని కాలువలోకి వదిలితే కింద ఉన్న ప్లాంటు ఊపిరాడక చస్తుంది. బాక్టీరియా ఆనోడ్‌కి మాత్రం అది మంచి మేత. చిన్న చోటులో ఎక్కువ ఎలక్ట్రాన్లు, రోజూ ఒకే రకం తిండి. డిస్టిలరీ లాంటి పెద్దచోట బయోగ్యాస్ ప్లాంటు ఇప్పటికే బాగా పనిచేస్తోంది. దాన్ని తీసేసి ఇది పెట్టమని నేను అనను. బయోగ్యాస్‌కి సరిపోనంత చిన్న యూనిట్లకే ఇది.

మూత్రం గురించి కూడా చాలామంది అడుగుతారు. 2009లో అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయంలో జెరార్డిన్ బోటె బృందం నికెల్ ఆనోడ్‌తో, క్షారంలో, మూత్రంలోని యూరియా నుంచి హైడ్రోజన్ తీసి చూపించింది. బాక్టీరియా అవసరం లేదు, ప్లాటినం లాంటి ఖరీదైన లోహం కూడా ఆనోడ్‌కి అక్కర్లేదు. 0.37 వోల్టులు అన్న సిద్ధాంతం చూసి అందరూ ఎగిరి గంతేశారు. పని మొదలయ్యేది మాత్రం దాదాపు 1.4 వోల్టుల దగ్గర. ఎందుకంటే నికెల్ ముందు తాను ఆక్సీకరణ చెంది, నికెల్ ఆక్సీహైడ్రాక్సైడ్‌గా మారాకే యూరియాను ముట్టుకుంటుంది. ఆ మార్పుకి ఆ వోల్టేజీ కావాలి, యూరియా ఎంత మెతకదైనా సరే. కాబట్టి నీటితో పోలిస్తే ఆదా అయ్యేది సిద్ధాంతం చెప్పినంత ఉండదు, ఏ 0.2, 0.3 వోల్టులో. ఇక్కడ కూడా అసలు లాభం వేరేచోట ఉంది. యూరియా నత్రజని గ్యాసుగా మారిపోతే నీటిలో నత్రజని చాలావరకు పోయినట్టే. మా ఎస్టీపీల్లో అమ్మోనియా దించడానికి మేం పడే పాట్లు తెలిసినవాళ్లకి దాని విలువ తెలుస్తుంది. పెద్ద ఆఫీసు భవనాల్లో మగవాళ్ల టాయిలెట్ల నుంచి మూత్రం నీళ్లు కలవకుండా వేరుగా తీసే పైపు వేస్తే, ఈ పని ఆలోచించదగ్గదే.

హైడ్రోజన్ కాకుండా నేరుగా కరెంటే కావాలంటే బ్రిస్టల్‌లో ఇయాన్నిస్ ఇయెరోపౌలోస్ బృందం చేసిన మూత్రశాలను చూడాలి. 2015లో ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో పెట్టారు. అక్కడికి వచ్చినవాళ్ల మూత్రంతోనే ఆ మూత్రశాలలో దీపాలు వెలిగాయి. ఫ్యూయల్ సెల్ ఒక్కొక్కటి నిలబడి ఇచ్చే వోల్టేజీ అర వోల్టు కూడా ఉండదు, కాబట్టి చాలా సెల్స్ కలపాలి. దీపాలకు సరే. ఊరి గ్రిడ్‌కి దీన్ని కలిపే మాట ఎవరైనా అంటే నమ్మకండి.

ఎండిన చెత్త సంగతి వేరు. కొబ్బరి మట్టలు, పొట్టు, కొమ్మలు తెచ్చి నీళ్లలో నానబెట్టి ఎలక్ట్రోడ్ పెట్టడం శక్తి దండగ. లిగ్నిన్, సెల్యులోజ్ అంత సులభంగా లొంగేవి కావు. దానికి మన ఊళ్లోనే ఐఐఎస్‌సీలో ఎస్. దాసప్ప బృందం చేసిన పద్ధతి ఉంది. ఆక్సిజన్, నీటి ఆవిరి కలిపి బయోమాస్‌ను గ్యాసుగా మారుస్తారు. కేజీ బయోమాస్‌లో ఉన్న హైడ్రోజన్ 60 గ్రాములే, వచ్చేది మాత్రం 100 గ్రాములు, మిగతాది ఆవిరి నుంచి వస్తుంది. ఎలక్ట్రోకెమిస్ట్రీ మనిషినైనా, ఎండు బయోమాస్‌కి నేను అదే సరైన దారి అంటాను. ఎండుదైతే వేడికి, తడిదైతే ఎలక్ట్రోడ్‌కి. 2023 ఆగస్టులో కేంద్రం గ్రీన్ హైడ్రోజన్‌కు నిర్వచనం ఇచ్చినప్పుడు, కేజీకి రెండు కేజీల కార్బన్ డయాక్సైడ్ దాటకూడదన్న హద్దును నీటి నుంచి తీసినదానికీ, బయోమాస్ నుంచి తీసినదానికీ ఒకేలా పెట్టింది. అది మంచి పని. 19,744 కోట్ల జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ డబ్బులో చిక్కటి మురుగుకు కూడా కొంత వాటా దక్కాలని నా కోరిక.

ఎండు బయోమాస్‌ను ఎలక్ట్రోడ్ దగ్గరికి తెచ్చే ఒక చక్కటి అడ్డదారి ఉంది, అది చెప్పకుండా ఉండలేను. మొక్కజొన్న బెండ్లు, చెరకు పిప్పి నుంచి ఫర్ఫ్యురాల్ అనే ద్రవం తీయడం వంద ఏళ్ల నాటి పరిశ్రమ. అందులో ఆల్డిహైడ్ ఉంటుంది. దాన్ని క్షారంలో రాగి ఆనోడ్ మీద ఆక్సీకరణ చేస్తే ఆనోడ్ దగ్గర కూడా హైడ్రోజన్ వస్తుంది. కేథోడ్ దగ్గర ఎటూ వస్తుంది. రెండు వైపులా హైడ్రోజన్! మొదట్లో చెప్పిన 26,600 ఆంపియర్ అవర్ల లెక్క ఇక్కడొక్కచోట సగానికి దిగుతుంది. చైనాలో హునాన్ విశ్వవిద్యాలయం బృందం 2022లో దీన్ని చూపించింది. 0.1 వోల్టు దగ్గరే పని మొదలవుతుంది, ఘనపు మీటరు హైడ్రోజన్‌కు 0.35 యూనిట్లు సరిపోయాయి. నీటి నుంచి తీస్తే అదే ఘనపు మీటరుకు 5 యూనిట్ల దాకా కావాలి. అయితే ఫర్ఫ్యురాల్ ఊరికే రాదు, అమ్ముడుపోయే సరుకు. అది మారి వచ్చే ఫ్యురోయిక్ ఆమ్లానికి మంచి ధర వస్తేనే ఇది గిట్టుబాటు. ఇక్కడ కూడా హైడ్రోజన్ కొసరే. కర్ణాటకలో మొక్కజొన్న పండించే ఊళ్లలో కుప్పలుగా పడి ఉండే బెండ్లు చూసినప్పుడల్లా నాకు ఈ రాగి ఆనోడ్ గుర్తొస్తుంది.

ఇప్పుడు నన్ను నిజంగా భయపెట్టే విషయం. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఎస్టీపీలు చాలావరకు బేస్‌మెంట్‌లో ఉంటాయి. తక్కువ ఎత్తు కప్పు, ఒకటో రెండో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, పక్కనే కార్లు, పైన కేబుళ్లు. గాలిలో హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది. వాసన ఉండదు, మంట కూడా పగటి వెలుతురులో సరిగా కనిపించదు. పైకి పోయి కప్పు కింద చేరుతుంది, సరిగ్గా లైట్లు, స్విచ్చులు ఉన్నచోట. మురుగు ట్యాంకుల్లో దిగి విషవాయువుతో పనివాళ్లు చనిపోతున్న దేశం మనది. ఆ ట్యాంకుల పక్కనే ఇంకో ప్రమాదకరమైన గ్యాసు తయారు చేసే పెట్టె పెట్టి, నెలకి కొన్ని వేలకు పనిచేసే ఆపరేటర్ చేతిలో పెట్టడం నాకు సమ్మతం కాదు. నా ప్రయోగం కూడా అందుకే బయట షెడ్డులో పెట్టాను, అర లీటరు గ్యాసే అయినా.

మీ అసోసియేషన్ దగ్గరికి ఎవరైనా ఇలాంటి ప్లాంటు అమ్మడానికి వస్తే, బ్రోషర్‌లో రోజుకి ఎన్ని కేజీలో చూసి సంతకం పెట్టకండి. సెల్‌కి ఎన్ని వోల్టులు, చదరపు మీటరుకి ఎన్ని ఆంపియర్లు, ఆరు నెలలు నడిచాక గ్యాసులో మీథేన్ ఎంత, బయటికి వచ్చే నీటిలో బీఓడీ ఎంత, గ్యాసు గొట్టం ఎక్కడ తెరుచుకుంటుంది అని అడగండి. లక్ష లీటర్ల ప్లాంటుకి బ్లోవర్ పూర్తిగా తీసేస్తామంటే, నిజం మురుగు మీద నడుస్తున్న ఇంకో సైట్ చూపించమనండి. సింథటిక్ మురుగు మీద వచ్చిన అంకెలు అంటే ఎసిటేట్ కలిపిన నీళ్ల అంకెలు. వాటికీ మన ట్యాంకుకీ పోలిక లేదు.

నేను మాత్రం ఇప్పుడు హూడి దగ్గర ఒక దోసె పిండి యూనిట్ వాళ్లతో మాట్లాడుతున్నాను. కడిగిన నీళ్లు పోయే పైపుకి పక్కనుంచి ఒక టీ జాయింట్ వేసుకోనిస్తామన్నారు. పైకప్పు లేని పెరడు ఉంది, గాలి బాగా ఆడుతుంది. ఈసారి ఒకే డబ్బా కాదు, మధ్యలో పొర పెట్టిన రెండు గదుల సెల్. పక్కనే అదే నీళ్లతో, అంతే పరిమాణంలో గాలి ఊదే చిన్న ట్యాంకు ఒకటి నడుపుతాను, రెండింటికీ వేరువేరు కరెంటు మీటర్లతో. కేజీ సీఓడీకి ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో రెండు పక్కలా రాసుకుంటాం. మదనపల్లె తమ్ముడు సెలవు రోజుల్లో వచ్చి చూసుకుంటానన్నాడు, ఆ పనికి వేరుగా డబ్బు ఇస్తానని చెప్పాను. హైడ్రోజన్ సెన్సర్ కొన్నాకే పవర్ సప్లై ఆన్ చేస్తాం.